నల్ల క్రీము, తెల్ల పళ్లు

"మేడం, ఈ ఫొటో చూడండి. పుట్టినరోజు మాదిరుందా, దయ్యాల జాతర మాదిరుందా?"

ఆళ్లగడ్డ బేకరీ కౌంటరు మీద ల్యాప్‌టాప్ తెరిచిపెట్టి మరీ అడిగాడు ఇలియాస్. నంద్యాలలో ఫొటో స్టూడియో అతనిది. ముందురోజు ఒక పిల్లవాడి పుట్టినరోజుకు ఫొటోలు తీశాడు. నల్ల కారు ఆకారంలో కేకు. కోసేదాకా అంతా బ్రహ్మాండంగానే ఉంది. తిన్నాక మాత్రం తాత మొదలుకొని మనవరాలి దాకా అందరి పళ్లూ నల్లబడ్డాయి.

ఆ కేకు చేసిన తస్నీమ్ వంగి చూసింది. నవ్వు ఆపుకోవాలని చాలా ప్రయత్నించింది పాపం, ఆగలేదు.

"నగుతాండావా? మూడొందల ఫొటోల్లో పళ్లు తెల్లగా చేయాల నేను! పళ్ల డాక్టరుకు కూడా ఇంత పనుండదు."

"నల్ల కేకు కావాలన్యారు, చేసినా. నోరు మూసుకోని నిలబడమని నువ్వు చెప్పాల్సింది."

"కేకు తిని నోరు మూసుకోని ఫొటో దిగుతారా యాడైనా?"

లోపలి నుంచి ఆమె తండ్రి హుస్సేన్ వలి వచ్చాడు. ఫొటోలన్నీ నిదానంగా చూశాడు. ఆయన నవ్వలేదు.

"చూడమ్మీ, వచ్చే ఆదివారం నంద్యాల రిసెప్షన్‌కు నల్ల కేకు ఒప్పుకుంటివి. మాట ఇచ్చినాక చేయాల్సిందే. ఆడా ఇట్లనే అయితే కేకులు చాలిద్దాం. బన్నులు, రస్కులు ఉండాయి మనకు."

తస్నీమ్ ముఖం వాడిపోయింది. ఏడాదిపాటు బతిమాలి, కౌంటరులో కేకులకని ఒక మూల సంపాదించుకుంది. ఆ మూల పోతే ఆమెకు ఇంకేమీ మిగలదు.

ఇలియాస్‌కు తన ల్యాప్‌టాప్ మీద తనకే కోపం వచ్చింది. మెల్లగా మూసేశాడు.

"ఆ రిసెప్షన్‌కు ఫొటోలు తీసేది నేనే. ముందే చేసి చూడు. తినేకి నేనొస్తా. ఎట్లుండాదో నా పళ్లే చెప్తాయి."

మంగళవారం వచ్చాడు. తిన్నాడు. ఇంకు సీసా తాగినవాడిలా అయ్యాడు.

"తెల్ల క్రీములో ఎంత రంగు పోస్తివి తల్లీ?"

"అర సీసా. అంత పోస్తే గాని నలుపు రాలేదు."

బుధవారం నాటికి ఆమె దారి మార్చింది. ముందు క్రీములో కోకో పొడి కలిపి ముదురు గోధుమ రంగు తెచ్చింది. ఆ తర్వాత నల్లరంగు కొన్ని చుక్కలే వేసింది. పళ్లు బతికాయి గాని, నాలుక మీద మచ్చ మిగిలింది.

"ఈ పొద్దు కలిపింది రేపటిదాకా ఫ్రిజ్‌లో పెడితే రంగు దానంతటదే చిక్కబడుతుందంట. అప్పుడు చుక్కలు ఇంకా తగ్గించొచ్చు. లోపలంతా తెల్ల క్రీము వేసి, పైన పల్చగా నలుపు పూస్తా," అంది తస్నీమ్. ముక్కుకు కోకో అంటింది. ఇలియాస్ ఆ సంగతి చెప్పలేదు. చెబితే తుడిచేసుకుంటుందని.

గురువారం కేకు నల్లగా నిగనిగలాడింది. కానీ తిన్నాక అతని నాలుక మళ్లీ నల్లగానే కనబడింది. శుక్రవారమూ అంతే. "ఇంకా కుదరలేదు, రేపు మళ్లొస్తా," అనేసి ఆ మహానుభావుడు వానలో తడుస్తూ బస్సెక్కాడు.

తస్నీమ్‌కు ఏడుపొచ్చింది. మిగిలిన ముక్క తనే తిని అద్దంలో చూసుకుంది. నోరు శుభ్రంగా ఉంది. తండ్రికి పెట్టింది. ఆయన నోరూ శుభ్రంగానే ఉంది.

శనివారం ఇలియాస్ రాగానే ప్లేటు వెనక్కి లాక్కుంది. "కేకు తర్వాత. ముందు నోరు తెరువు."

"ఎందుకప్పా?"

"తెరువంటాండా!"

తెరిచాడు. నాలుక ముందే ఊదారంగులో ఉంది. శిరివెళ్లలో బస్సు ఆగినప్పుడు నేరేడు పండ్లు కొనుక్కుని వచ్చే దారంతా తిన్నాడు. మూడు రోజులుగా అదే పని.

"కుదిరిందంటే ఇంక రావద్దంటావని భయమేసింది," అన్నాడు తల వంచుకుని.

"రెండు దినాలుగా నాకు అన్నం సయించలేదు తెల్సా? నాకు ఈ పనే రాదేమో అనుకున్యా." ప్లేటు తీసి లోపల పెట్టేసింది. "పో. రేపు ఫొటోలు తీసుకో. నాతో మాట్లాడొద్దు."

ఆదివారం నంద్యాల రిసెప్షన్‌లో మూడంతస్తుల నల్ల కేకు కోశారు. తిన్నారు, నవ్వారు. ఇలియాస్ కెమెరాలో నుంచి చూస్తే ఎటు చూసినా తెల్లటి పళ్లే. ఆనందపడాల్సింది పోయి అతనికి, మాట్లాడొద్దని ఆమె అన్న మాటే గుర్తొచ్చింది.

హుస్సేన్ వలి కూడా జనం నోళ్లే చూస్తున్నాడు. "ఇంత బాగొచ్చింది గదమ్మీ. శుక్రవారం దాకా ఎందుకు కుదరకపోయె?"

తస్నీమ్ ఖాళీ ప్లేట్లు సర్దసాగింది. అతని పేరు చెప్పొచ్చు. చెప్పలేదు.

ఇలియాస్ కెమెరా దించి వచ్చాడు. "చాచా, గురువారమే కుదిరింది. కాలేదని అబద్ధం చెప్పింది నేను."

"ఎందుకప్పా?"

"మళ్లీ మళ్లీ రావాలనిపించి. తస్నీమ్ అంటే నాకిష్టం. కానీ ఆమెను ఏడిపించినా. అది తప్పే."

"నీ మాట నమ్మి ఆ బిడ్డతో కేకులు మాన్పిద్దును గదప్పా!"

"తెల్సు చాచా. దానికే చెప్తాండా. మీరు తిట్టినా పడతా."

హుస్సేన్ వలి తిట్టే మనిషే, ఆరోజెందుకో తిట్టలేదు.

"ఇంట్లో పెద్దోళ్లు ఎవరుండారు?"

"అమ్మ. గుల్జార్‌బీ."

"వచ్చే ఆదివారం తోడుకొని రా." ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఏమంటావమ్మీ? నువ్వు వద్దంటే వద్దు. నీ మాటే నాకు లెక్క."

తస్నీమ్ కేకు కత్తిని నిదానంగా, అవసరానికి మించి తుడిచింది.

"ఆదివారం కుదరదబ్బా, కేకుల ఆర్డర్లుంటాయి," అంది అతని వైపు చూడకుండానే. "సోమవారం రమ్మను."