రెండో డిస్కు

పొద్దున డెయిరీలో పాలు పోసి వచ్చాక జయలక్ష్మమ్మ మొదట చేసే పని పొయ్యి ముట్టించడం కాదు. ఖాళీ క్యాను గడప పక్కన పెట్టి, కాళ్లు కడుక్కుని, పెళ్లి ఫోటోలు తీసే కొడుకు గోపికృష్ణ కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. కోడలు వినుత చేస్తున్న పని వదిలి వచ్చి, బీరువాలోంచి నల్ల హార్డ్ డిస్కు తీసి, వైరు తగిలించి, ఇరవై మూడు సెకండ్ల వీడియో ఒకటి పెట్టి మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోతుంది. దాదాపు మూడేళ్లుగా ఆ ఇంటికి ఇదే సుప్రభాతం.

వీడియోలో కనిపించేది జయలక్ష్మమ్మే. గోపికృష్ణ పెళ్లైన మరునాడు, చాప మీద కూర్చుని తమలపాకులు తుడుస్తోంది. వినిపించేది మాత్రం ఆమె కూతురు ఆశా గొంతు. అన్న కెమెరా ఎత్తుకుని, అది వీడియోలో ఉందని తెలియక, ఫోటోలు తీస్తున్నాననుకుంది ఆ పిల్ల.

"అమ్మా, కొంగు సరిచేసుకో. ఇట్ల చూడు. రవ్వంత నవ్వు... ఇదేంది, క్లిక్కు అనేదే లేదు? అన్నా, ఇది ఆన్ అయ్యిందా, లేదా?"

చివర్లో కెమెరాను తనవైపు తిప్పుకుంటుంది. ఒక కన్ను మూసి లెన్సులోకి తొంగిచూసే ముఖం, సగం మసగ్గా. అంతటితో ఆగిపోతుంది. ఆ తర్వాత నాలుగు నెలలకు ఆశాకు జ్వరం తగిలింది. తుమకూరు ఆసుపత్రిలో ఎనిమిది రోజులుండి, ఇరవై ఒకటో ఏట పోయింది.

ఇంత చిన్న వీడియో ఫోన్లో పెట్టుకుంటే సరిపోయేది కదా అని ఎవరైనా అంటారు. గోపికృష్ణా అన్నాడు. జయలక్ష్మమ్మ ఒప్పుకుంటే కదా. ఆశా పోయిన వారం ఊళ్లో సగం మంది ఆమె ఫోటోలను ఏడుపు బొమ్మలతో, విషాదం పాటలతో స్టేటస్ పెట్టుకున్నారు. పెళ్లి కాని పిల్ల అందరి చేతుల్లో తిరగడమేమిటని జయలక్ష్మమ్మ ఇల్లిల్లూ తిరిగి, ఎదురుగా నిలబడి తుడిపించింది. పక్క వీధి చిన్నరంగప్ప ఒక్కడే మొండికేశాడు. ఆ పిల్లను భుజాల మీద ఎత్తుకు తిరిగినవాణ్ణి, నా ఫోను నా ఇష్టం అన్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. ఇంటర్నెట్లో దాచుకోవచ్చు అన్న మాటైతే ఎత్తడానికే లేదు. కెమెరా కార్డును ఎప్పుడో పది పెళ్లిళ్లకు తిరిగి వాడేశారు. కంప్యూటర్లో చోటు ఆర్డర్లకే చాలదు. అందుకని ఆశా ఆ నల్ల డిస్కులోనే ఉందని తల్లి నమ్మకం.

కానీ ఇంకో డిస్కు ఉంది. అది ఆ ఇంట్లో లేదు.

వినుత పెళ్లికి ముందు పావగడలో ఒక స్టూడియోలో ఆల్బమ్‌లు చేసేది. ఒక పెళ్లివారి ఫోటోలన్నీ పోయి, యజమాని వాళ్ల కాళ్లు పట్టుకోవడం కళ్లారా చూసిన మనిషి. రెండు చోట్ల కాపీ ఎక్కేదాకా కార్డు తుడపనివ్వదు. ఫైళ్లు ఎక్కుతున్నప్పుడు డిస్కు ఉన్న బల్లను ఎవరైనా కదిలించినా ఊరుకోదు. తమ ఊరు వల్లూరు దుమ్ముకు కెమెరా సంచీకి జిప్పు ఎప్పుడూ మూసి ఉండాల్సిందే. డిస్కుల డబ్బాలో చెమ్మ పీల్చే గింజల పొట్లాలు వేసి ఉంచుతుంది. అన్నిటికంటే గట్టి నియమం, రెండో కాపీ ఇంకో ఇంట్లో ఉండాలి. నెలకోసారి దాన్ని తెచ్చి, కొత్త పెళ్లిళ్లు ఎక్కించి, పాత చీర ముక్కలో చుట్టి, మంగళవాడలో తన తల్లి లక్ష్మక్క దగ్గర పెట్టి వచ్చేది. మా అమ్మకు చెప్పొద్దు, ఊరికే రాద్ధాంతం చేస్తుందని మొదట్లోనే గోపికృష్ణ అన్నాడు. భార్యకూ తల్లికీ మధ్య మాట పడకుండా చూసుకునే మగవాళ్లు చివరికి చేసేది ఇదే. చెప్పాల్సిన మాటను మింగేస్తారు.

డెయిరీ క్యూలో ఎవరో ఆ మాట బయటపెట్టారు. మీ కోడలు నెలనెలా గుడ్డలో ఏదో చుట్టుకుని మంగళవాడ బస్సెక్కుతోందని. జయలక్ష్మమ్మ ఆ పొద్దున కంప్యూటర్ ముందు కూర్చోలేదు. నేరుగా వంటింట్లోకి వచ్చింది.

"ఏం మోస్తాండావు మీ పుట్టింటికి?"

"డిస్కు అత్తా. ఫోటోలది."

"ఎవరివి?"

"అందరివీ. ఆర్డర్లవి, మన పెళ్లివి..." వినుత గరిటె కింద పెట్టింది. "ఆశావి కూడా."

జయలక్ష్మమ్మ గోడకు ఆనుకుంది. ఎన్నాళ్ల నుంచని అడిగింది. రెండేళ్లని చెప్పింది వినుత. చెప్పకపోవడం తప్పేనని కూడా ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు అత్త చెవికి ఎక్కలేదు.

"బతికుండంగా దాన్ని ఒక ఇంటికి పంపే రాత నాకు లేకపోయె. చచ్చినాక నాకు తెలీకుండా మీ ఇంటికి పంపిస్తివా?"

"రెండూ ఒకే కప్పు కింద ఉంటే ఒకటే ఉన్నట్టు అత్తా. దొంగలు పడినా, ఇల్లు కురిసినా, ఏమన్నా అయినా..."

"ఏమయితాది నా ఇంటికి? ఏమన్నా కావాలని కాచుకోనుండావా?"

గోపికృష్ణ అక్కడే ఉన్నాడు. నేనే చెప్పొద్దన్నానమ్మా అని ఒక్క మాట అంటే సగం మంట అక్కడే ఆరిపోయేది. అతను శుభ్రంగా ఉన్న లెన్సునే గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. వినుత అతన్ని ఒక చూపు చూసి, పొయ్యి వైపు తిరిగింది. మరునాడు మామ కాటప్ప మోపెడ్ మీద మంగళవాడ వెళ్లి డిస్కు తెచ్చాడు. రెండు డిస్కులూ ఒకే డబ్బాలో, ఒకే బీరువాలోకి చేరాయి. జయలక్ష్మమ్మ ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

రెండు నెలలకు ఆయుధపూజ వచ్చింది. ఒకప్పుడు ఆ పండక్కి వాకిలి నిండా మడక, గుంటక, కొడవళ్లు కడిగి పేర్చేవాళ్లు. ఇప్పుడు చేను సోలార్ ప్యానెళ్ల కిందికి పోయింది. కాటప్ప ఆ ప్యానెళ్లకే కాపలా కాస్తాడు. తన చేనికి తనే కావలి, అదీ యూనిఫాం వేసుకుని. కడగడానికి మోపెడ్, రెండు కొడవళ్లు, కాటప్ప టార్చిలైటు మిగిలాయి. గోపికృష్ణ, వినుత కెమెరాలు తీసుకుని పావగడలో అంగళ్ల పూజలకు పోయారు.

జయలక్ష్మమ్మకు డిస్కుల మీదికి మనసు పోయింది. నా బిడ్డ ఉన్న పెట్టె మాసిపోయి ఉంటే ఎట్లా అనుకుంది. పసుపు నీళ్లలో ముంచి, మెత్తటి గుడ్డతో మూల మూలా తోమింది. చేటలో పెట్టి మిద్దె మీద ఎండబెట్టింది. కుంకుమ బొట్లు పెట్టి, చెండుపూలు పెట్టి, హారతిచ్చింది. ఆ ఏడు ఆమె అంత శ్రద్ధగా చేసిన పూజ ఇంకోటి లేదు.

మధ్యాహ్నం గోపికృష్ణ రాగానే, పొద్దున చూడలేదు ఒకసారి పెట్టమంది. డిస్కు మీద బొట్టు చూసి అతను నవ్వాడు. వైరు తగిలించాడు. టిక్కు టిక్కుమని చప్పుడైంది, తెర మీద ఏమీ రాలేదు. ఇంకోసారి పెట్టాడు. అదే చప్పుడు. వెంటనే రెండో డిస్కు తగిలించాడు.

వాకిట్లో కెమెరా సంచీ దించుతున్న వినుత ఆ చప్పుడు విని పరుగెత్తుకొచ్చింది. "పెట్టొద్దు, రెండోది పెట్టొద్దు," అంటూనే ఉంది. అప్పటికే పెట్టేశాడు.

"తడి లేదు గోపీ," అంది జయలక్ష్మమ్మ. "బాగా కడిగి ఎండబెట్టినా. రవ్వంత కూడా తడి లేదు."

డిస్కులు బెంగళూరుకు పోయాయి. బాగుచేసేవాడు రెండు వారాలు ఉంచుకుని, లోపలికి నీళ్లు దిగాయని, ఆ చెమ్మలోనే కరెంటు ఇవ్వడంతో లోపలి రేకులన్నీ గీసుకుపోయాయని చెప్పాడు. తడిసిన డిస్కును దేనికీ తగిలించకుండా అట్లాగే తెచ్చుంటే కొంతైనా వచ్చేదన్నాడు. గోపికృష్ణ బస్టాండులో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంటికొచ్చి మాత్రం ఈసారి మాట మింగలేదు.

"నువ్వు కడిగినదానికి కాదమ్మా, నేను కరెంటు పెట్టినదానికి పోయినాయి. కడగకూడదని నీకు ఒక్కరోజన్నా చెప్పినానా? మంగళవాడ సంగతీ వినుత చెప్తానంటే నేనే వద్దన్యా. అంతా నాదే."

జయలక్ష్మమ్మ కొడుకును ఏమీ అనలేదు. కోడలినీ అనలేదు. అన్నం దగ్గర కూర్చుని లేచిపోయేది. పొద్దునే పాలు పోసి వచ్చి నల్లగా ఉన్న తెర ముందు కూర్చునేది. నాలుగో రోజు ఉన్నట్టుండి అడిగింది.

"గొంతు ఎట్లుండె గోపీ? మాటలు గుర్తుండాయి నాకు. గొంతు గుర్తొస్తా లేదు."

వినుత రాగిముద్ద కెలికే కట్టె చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. కోపం ఉండాల్సిన చోట ఆమెకు ఏడుపు వచ్చింది.

కాటప్ప తక్కువ మాటల మనిషి. డ్యూటీ నుంచి వచ్చి, టోపీ మేకుకు తగిలించి, భార్య పక్కన కూర్చున్నాడు.

"నువ్వు కాపురానికి వచ్చిన ఏడు మా అమ్మ విత్తనం చెనిక్కాయలు రెండు మూటలు కట్టె. ఒకటి అటకెక్కించె. ఇంకోటి నీ నెత్తిన పెట్టి మీ పుట్టింటికి పంపె. గుర్తుండాదా?"

"ఉండాది."

"అటక మీదిది వానకు తడిసి బూజు పట్టె. మీ ఇంట్లో దాచినదాంతోనే చేను విత్తితిమి. కోడలు పుట్టింటికి మోస్తాండాదని మా అమ్మ నిన్నొక మాటన్నాదా?"

జయలక్ష్మమ్మ మొగుడి ముఖం చూసింది. చేను పోయాక విత్తనం కట్టే పని పోయింది, విత్తనంతోపాటు ఆ బుద్ధీ పోయింది. ప్రతి ఏడూ తాను మోసిన మూట తనకే గుర్తు రాలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కూతురు పోయిన రోజు కూడా ఆమె అంతగా ఏడవలేదని కాటప్ప తర్వాత అన్నాడు.

మరునాడు ఆమె చేసిన పని చూసి వీధి వీధంతా ఆశ్చర్యపోయింది. చిన్నరంగప్ప ఇంటి గడప దగ్గరికి పోయి నిలబడింది. ఆయన లోపలికి పోయాడు. ఫోను తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అందులో నాలుగు ఫోటోలున్నాయి. సోలార్ ప్లాంటు గేటు దగ్గర రిజిస్టర్ రాసే పనిలో ఉన్న రోజుల్లో ఆశా మెడలో వేసుకున్న ఐడీ కార్డు నుంచి ఒకటి, బంధువుల పాత ఫోన్లలో తుడపగా మిగిలినవి ఇంకో నాలుగు. మొత్తం తొమ్మిది. పెద్దవి చేస్తే గళ్లు గళ్లుగా విరిగిపోయే ఫోటోలు. గొంతు మాత్రం ఎక్కడా దొరకలేదు.

వినుత కొత్త డిస్కులు రెండు తెప్పించి, రెండింటిలోనూ తొమ్మిదింటినీ ఎక్కించి, తెరిచి చూసుకుంది. ఒకటి బీరువాలో పెట్టింది. రెండోది పట్టుకుని ఏం చేయాలో తోచక నిలబడితే, జయలక్ష్మమ్మ ఆశా ఓణీ ఒకటి తెచ్చి పరిచింది.

"దీంట్లో కట్టు. నేనూ వస్తా మంగళవాడకు."

ఇద్దరూ మంగళవాడ బస్సెక్కారు. రోడ్డుకు అటూ ఇటూ ప్యానెళ్లు సాగి సాగి, అవి అయిపోయాక చెనిక్కాయ చేలు మొదలయ్యాయి. జయలక్ష్మమ్మ ఓణీ మూట ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఉంచి కూర్చుంది.

లక్ష్మక్క వియ్యపురాలిని చూసి కంగారుపడింది. మాట పడాల్సి వస్తుందేమోనని ఆమె భయం. జయలక్ష్మమ్మ కూర్చోకుండానే మూటను ఆమె చేతుల్లో పెట్టింది.

"వదినా, ఇది విత్తనం. మా ఇంట్లో ఒకటుండాది. ఇది మీ ఇంట్లో ఉండనీ. నెలకోసారి నా కోడలు తీస్కపోతాది, మళ్లా తెచ్చి పెడ్తాది. నేను మాటన్నది మనసులో పెట్టుకోవద్దు."

లక్ష్మక్క మూటను కళ్లకద్దుకుంది. వినుత సంచీలోంచి కెమెరా తీసింది. ఇద్దరు తల్లులు, మధ్యలో ఆ ఓణీ మూట. ఈ ఫోటో కూడా డిస్కులో ఉండాలనిపించింది. కెమెరా కంటికి ఆనించుకుని, అలవాటుగా అంది.

"అత్తా, కొంగు సరిచేసుకో. ఇట్ల చూడు. రవ్వంత నవ్వు."

అని, తన గొంతు తానే విని ఆగిపోయింది. కావాలని అనలేదు. మూడేళ్లు రోజూ పొద్దున మూడేసి సార్లు వంటింట్లో నిలబడి విన్న మాటలు, 'ఇట్ల' దగ్గర ఆ సాగదీతతో, 'రవ్వంత' దగ్గర ఆ గారంతో సహా నోట్లోంచి వచ్చేశాయి.

జయలక్ష్మమ్మ చెయ్యి కొంగు మీదే నిలిచిపోయింది. మెల్లగా కళ్లు మూసుకుంది. మూసిన రెప్పల కింది నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"అట్లనే అనేది," అంది. "ఇంకోసారి చెప్పు వినుతా."