నీళ్ళకు లెక్కలు రావు

ఫిల్మ్ నగర్‌లో గుట్ట మీదికి ఎక్కే సందు ఒకటి ఉంది. ఆ సందులో ఎడమవైపు నాలుగో ఇల్లు... పచ్చ గేటు. రాత్రి ఒంటిగంట దాటాక ఆ గేటు ముందు నుంచి ఎవరూ వెళ్ళరు.

తిండి డెలివరీ చేసేవాళ్ళు సందు మొదట్లోనే బండి ఆపేసి, "సార్, జర మీరే కిందికి రండి" అని ఫోన్ చేస్తారు. స్టూడియో వ్యాన్ల డ్రైవర్లు రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగైనా కింది రోడ్డులోనే పోతారు. డీజిల్ ధర తెలిసినవాళ్ళు ఊరికే రెండు కిలోమీటర్లు తిరగరు.

ఆ ఇంటి పోర్టికోలో ఒక నల్ల కారు ఉంటుంది. తాళం వేసిన కారు. లోపల ఎవరూ ఉండరు. ఈ జూన్‌లో అది వరసగా పన్నెండు రాత్రులు, సరిగ్గా ఒంటిగంట యాభైకి, హారన్ కొట్టింది. రాత్రికి మూడు. మొత్తం ముప్పై ఆరు.

గేటు తీయమని పిలిచినట్టు... పొట్టిగా... మూడు.

పదమూడో రాత్రి మోగలేదు. అసలు భయం అక్కడి నుంచే మొదలైందంటాడు ప్రేమ్ చంద్.

ప్రేమ్ చంద్, నేను కలిసి కార్ల పాలిష్ పని పెట్టి పద్నాలుగు నెలలైంది. ఉండేది రహమత్ నగర్‌లో, పని జూబ్లీ హిల్స్ చుట్టుపక్కల. ఇది అతను నాకు చెప్పింది. చివరి ముక్క తప్ప.

ఆ కారు సత్యనారాయణమూర్తిగారిది. సినిమాలకు ముప్పై ఏళ్ళు ప్రొడక్షన్ మేనేజరుగా చేసిన మనిషి. ఫిబ్రవరిలో ఒక రాత్రి షూటింగ్ ముగించుకుని, కారు తనే నడుపుకుంటూ వచ్చి, తన ఇంటి గేటు బయటే స్టీరింగ్ మీద తల వాల్చి పోయారు. గుండె ఆగిందన్నారు. పొద్దున్న పాలవాడు చూసి అందరినీ లేపాడట.

నాలుగు నెలలు ఆ కారు కిక్కురుమనలేదు.

జూన్‌లో ఒక మంగళవారం, మూర్తిగారి కొడుకు రిత్విక్ మాకు ఫోన్ చేశాడు. కారు అమ్మకానికి పెడుతున్నాడు. కొనేవాడు బానెట్ ఎత్తితే ఇంజిన్ కొత్తదానిలా మెరవాలన్నాడు. ప్రేమ్ చంద్ వెళ్ళాడు.

ఇంజిన్ కడగడానికి ఒక పద్ధతి ఉంది. ఇంజిన్ చల్లారాక బ్యాటరీకీ, ఫ్యూజుల పెట్టెకీ ప్లాస్టిక్ కవర్లు కట్టాలి. జిడ్డు వదిలే మందు కొట్టి, బ్రష్‌తో సందుసందునా రుద్ది, సన్నటి ధారతో కడిగి, గాలితో ఆరబెట్టి, చివర్లో గుడ్డతో పాలిష్ పట్టాలి. మొత్తం డెబ్బై నిమిషాలు. అందులో కవర్లు కట్టడానికి పట్టేది నాలుగు.

ఆ రోజు ఇంకో రెండు కార్లు ఉన్నాయి. ఆ నాలుగు నిమిషాలూ ప్రేమ్ చంద్ మిగుల్చుకున్నాడు.

అదే రాత్రి హారన్ మోగింది.

మాకు ఆ సంగతి తెలిసింది పదకొండు రోజుల తర్వాత. ఆ ఇంట్లో వంటచేసే మల్లమ్మ ఫోన్ చేసింది.

"కారు గడిగినోడివి నువ్వేనా?"

"నేనేనమ్మా. ఏమైంది?"

"ఏమైందా... నువ్వు కడిగిన నాటి సంది అది రాత్రి పూట మొత్తుకుంటుంది. వాచ్‌మన్ మూడో దినమే పరారైండు. అమ్మ లేచి పోయి గేటు తీస్తది. తీసి, ఎవ్వలూ లేనికాడ మాట్లాడ్తది. చుట్టాలేమో పిచ్చాసుపత్రిల ఏద్దామంటున్రు. చెడగొట్టింది నువ్వు. నువ్వే బాగు చెయ్యి."

"రిత్విక్ సార్‌కి చెప్పారా?"

"చెప్పిన. ఉండనీ అన్నడు."

ప్రేమ్ చంద్ ఆదివారం చర్చిలో పాటలు పాడించే మనిషి. దెయ్యం అనే మాట నోట పలకడు. ఫోన్ పెట్టేసి చాలాసేపు చేతులు చూసుకున్నాడు.

"తేమ దిగి ఉంటుంది" అన్నాడు నాతో. "నా నాలుగు నిమిషాలకి ఒక పెద్దావిడని పిచ్చిదాన్ని చేస్తారా?"

ఆ రాత్రే బయల్దేరాడు.

మల్లమ్మ పక్క తలుపు తీసింది. కారు తాళం చేతిలో పెట్టి, "నేనైతే ఉండ" అని వెనక గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

పోర్టికోలో చీకటి. నుదుటికి లైటు కట్టుకుని ప్రేమ్ చంద్ బానెట్ ఎత్తాడు. ఫ్యూజుల పెట్టె మూత తీశాడు. తడి ఉంటుందనుకున్నాడు... కనీసం తుప్పయినా ఉంటుందనుకున్నాడు.

ఏమీ లేదు.

ప్రతి ఫ్యూజూ పీకి చూశాడు. పొడిగా, కొత్త పైసల్లా ఉన్నాయి. హారన్‌కి వెళ్ళే తీగలు వేళ్ళతో తడిమాడు. బాగున్నాయి. తను కడిగిన ఇంజిన్ నుదుటి లైటు వెలుగులో నల్లగా మెరుస్తోంది. అందులో తన మొహమే కనిపిస్తోంది.

అన్నీ మళ్ళీ బిగించాడు. టైమ్ చూసుకున్నాడు. ఒకటి నలభై ఏడు.

అప్పుడు... భుజం మీద చెయ్యి పడింది.

అరవలేకపోయాడట. 

"కాస్త పక్కకి జరుగు బాబూ" అంది వెనక నుంచి ఒక ఆడగొంతు. చాలా మెల్లగా. "వారు వచ్చే వేళైంది."

నాగేశ్వరిగారు. మూర్తిగారి భార్య. ఇస్త్రీ చీర కట్టుకున్నారు. తల దువ్వుకున్నారు. చేతిలో గేటు తాళం. అతను ఎవరో, అర్ధరాత్రి ఎందుకు వచ్చాడో అడగలేదు. అతన్ని దాటి వెళ్ళి గేటు పక్కన నిలబడ్డారు.

ఒకటి నలభై తొమ్మిది.

ప్రేమ్ చంద్ బానెట్ కిందికే వంగి ఉన్నాడు. ఒక వేలు ఫ్యూజుల పెట్టె మీద ఉంది. ఏదో కీర్తన లోలోపల మొదలుపెట్టాడు. రెండో చరణం గుర్తు రాలేదు.

వేలి కింద... టక్ మని కదిలింది.

హారన్. మొహం పక్కనే. ఒకటి.

రెండు.

మూడు.

దాంతోపాటు కారు నాలుగు మూలలా పసుపు లైట్లు, మూడుసార్లు, వెలిగి ఆరాయి.

నాగేశ్వరిగారు గేటు బార్లా తీశారు. బయట ఖాళీ రోడ్డు. వీధి దీపం. అంతే.

"రండి" అన్నారు. "ఆ రోజు తాగి వచ్చారనుకున్నానండీ... కిందికి దిగలేదు. ఇప్పుడు దిగానుగా. రండి."

నవ్వుతున్నారు. వీధి దీపం వెలుతురు నేరుగా ఆవిడ మొహం మీద పడుతోంది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల నవ్వినట్టు నవ్వుతున్నారట.

పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. గేటు మూసి, తాళం వేసి, ఇంట్లోకి నడిచారు. నడుస్తున్నప్పుడు తన కుడిపక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడిచారు. ఆ చోటుకు అడ్డుగా ఉన్న ప్రేమ్ చంద్ తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు.

తలుపు మూసుకుంది. ఇల్లంతా నిశ్శబ్దం.

 ప్రేమ్ చంద్ బుర్ర మాత్రం పనిచేస్తూనే ఉంది. ఆ పసుపు లైట్లు... అవెందుకు వెలిగాయి?

తలెత్తి పైకి చూశాడు.

మొదటి అంతస్తు బాల్కనీ చీకట్లో ఒక మొహం. గడ్డం కింద నుంచి నీలంగా వెలుగుతోంది.

ఫోన్ వెలుగు. రిత్విక్.

రెండు నిమిషాల్లో కిందికి వచ్చాడు, చెప్పుల్లేకుండా.

"ఎవరు రమ్మన్నారు నిన్ను?" అన్నాడు గుసగుసగా.

"హారన్ మీరే కొడుతున్నారు సార్."

"నీళ్ళు దిగాయని మల్లమ్మ అంది."

"నీళ్ళు దిగితే హారన్ ఆగకుండా అరుస్తుంది సార్. లేదంటే గరగరమంటుంది. ఇండికేటర్లతో కలిపి మూడుసార్లు కొట్టి ఆగదు. నీళ్ళకు లెక్కలు రావు."

రిత్విక్ కొంచెం నవ్వాడు. ఫోన్ అతని వైపు తిప్పి చూపించాడు. కారు బొమ్మ. కింద తాళం గుర్తు, లైటు గుర్తు, హారన్ గుర్తు. పార్కింగ్‌లో కారు ఎక్కడుందో వెతుక్కోవడానికి కంపెనీవాళ్ళు ఇచ్చిన యాప్.

"అమ్మాలంటే ఈ యాప్ నాన్న ఫోన్ నుంచి నా ఫోన్‌కి మార్చుకోవాలి కదా. నువ్వు కడుగుతున్న రోజే మార్చాను. అప్పుడు కనిపించింది ఈ హారన్ గుర్తు."

"ఎందుకు సార్?"

రిత్విక్ కారుకు ఆనుకున్నాడు. గొంతు పెంచలేదు.

"ఆ రోజు నేను వైజాగ్‌లో ఉన్నాను. వాచ్‌మన్ సెలవు. తాళం అమ్మ దగ్గర. తర్వాత గేటు కెమెరా తీసి చూశాను. శబ్దం కూడా వస్తుంది అందులో. ఒకటి యాభైకి కారు ఆగింది. రెండు ముప్పై రెండు దాకా... నలభై రెండు నిమిషాలు. నాన్న పందొమ్మిది సార్లు హారన్ కొట్టారు. మొదటివన్నీ పొడుగువి. ఆఖరి మూడు పొట్టివి."

ప్రేమ్ చంద్ గేటు వైపు చూశాడు.

"మధ్యలో అమ్మ గదిలో లైటు వెలిగింది. మళ్ళీ ఆరింది. అదీ ఉంది కెమెరాలో."

"తాగి వచ్చారనుకున్నారట సార్. ఇప్పుడే అంటుంటే విన్నాను."

"ఆవిడ ఏమనుకుందో నాకక్కర్లేదు. దినాలకు వచ్చినవాళ్ళంతా ఆవిడనే ఓదార్చారు. నేనూ ఓదార్చాను. మాత్రలు నేనే వేస్తున్నాను. ఒక్క మాట అనలేదు నేను. రోజుకు మూడు హారన్లు, అంతే. పందొమ్మిదీ కొట్టొచ్చు... కొట్టట్లేదు."

ఇక్కడే ప్రేమ్ చంద్ ఆ మాట అన్నాడు. కొడుకు మనసు కరుగుతుందనుకున్నాడు పాపం.

"సార్, మీకు పైనుంచి ఆవిడ వీపే కనిపిస్తుంది. నేను మొహం చూశాను. ఆవిడ భయపడట్లేదు. రోజూ తయారై కూర్చుంటున్నారు. క్షమించమని అడిగి, ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి హాయిగా పడుకుంటున్నారు. మీరు కొడుతున్నారని తెలిస్తే ఆ తల్లి ఏమైపోతుంది? కోపం వదిలేయండి సార్."

కారుకు ఆనుకున్న రిత్విక్ నిటారుగా నిలబడ్డాడు.

"నవ్వుతోందా?" అన్నాడు.

"నవ్వుతున్నారు సార్."

"హాయిగా పడుకుంటోందా?"

ప్రేమ్ చంద్‌కి అప్పుడు అర్థమైంది. అప్పటికే ఆలస్యమైంది. రిత్విక్ ఆ కారు బొమ్మ మీద వేలు పెట్టి అదిమాడు. బొమ్మ వణికింది. ఇంకోసారి నొక్కాడు. ఆ యాప్ ఫోన్‌లోంచే పోయింది.

"ఇక మోగదు" అన్నాడు. "నువ్వు వచ్చింది అందుకేగా. బాగైందని మల్లమ్మకు చెప్పు."

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు పొద్దున్న మా షట్టర్ ముందు ఆటో ఆగింది. నాగేశ్వరిగారు దిగారు. రహమత్ నగర్ సందుల్లో వెతుక్కుంటూ ఒక్కరే వచ్చారు. కళ్ళ కింద నల్లగా గుంటలు.

"బాబూ" అన్నారు, "నువ్వు కడిగిన రోజే వారు వచ్చారు. నాలుగు రాత్రుల నుంచి రావట్లేదు. తెల్లారేదాకా గేటు దగ్గరే ఉంటున్నాను. మళ్ళీ కడుగు."

"కారు శుభ్రంగానే ఉందమ్మా" అన్నాడు ప్రేమ్ చంద్.

"లేదు. దుమ్ము పట్టింది. మళ్ళీ కడుగు."

ఆవిడ ఆటోలో కూర్చున్నాక నేను అతని చెవిలో అన్నాను, "నిజం చెప్పేయొచ్చుగా."

"చెప్తే మొగుడూ పోతాడు, కొడుకూ పోతాడు" అన్నాడు. "ఇప్పటికి ఒకరే పోయారు."

ఇక్కడి నుంచి నేను విన్నది కాదు. చూసింది.

రాత్రి పన్నెండున్నరకు వెళ్ళాం. నాగేశ్వరిగారు అదే ఇస్త్రీ చీరలో ఎదురొచ్చారు. టార్చిలైటు తనే పట్టుకున్నారు. నేను ప్లాస్టిక్ కవర్లు తీస్తుంటే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆ రోజు అవి కట్టలేదు" అన్నారు. "వంటింటి కిటికీలోంచి చూశాను. అచ్చం ఆ రోజు కడిగినట్టే కడగండి."

అలాగే కడిగాం. మందు కొట్టాం, రుద్దాం, నీళ్ళు పోశాం. ఆవిడ టార్చి కదపలేదు. గాలి పట్టి, గుడ్డతో పాలిష్ చేసి తల ఎత్తేసరికి ఒకటి నలభై మూడు.

ఆవిడ గేటు దగ్గరికి వెళ్ళారు. పైన బాల్కనీ తలుపు కిర్రుమని తెరుచుకుంది. ఎవరో వచ్చి చీకట్లో నిలబడ్డారు. చేతిలో వెలుగు ఏమీ లేదు.

"నేను కారులో కూర్చుని హారన్ మూడుసార్లు నొక్కేయనా?" అన్నాను.

"ఈ రోజుకు నొక్కుతావు" అన్నాడు ప్రేమ్ చంద్. "రేపు?"

ఒకటి యాభై.

ఒకటి యాభై ఒకటి.

కింద రోడ్డులో ఏదో బండి పోయింది. ఆవిడ గబుక్కున తాళం తిప్పారు. బండి దూరమైంది. తాళం అలాగే వేలాడింది.

రెండు దాటింది. రెండు ముప్పై రెండు దాటింది. నేను టైమ్ చూడటం మానేశాను.

చివరికి ఆవిడ వెనక్కి వచ్చారు. ఏడవలేదు. మెరుస్తున్న ఇంజిన్ మీదికి వంగి, టార్చి దగ్గరగా పెట్టి, ఒక మూల చూపుడువేలితో రాసి చూసుకున్నారు. వేలు తెల్లగా ఉంది. ఇంకో మూల రాశారు. అదీ తెల్లగానే ఉంది.

"ఇంకా ఎక్కడో మురికి ఉంది బాబూ" అన్నారు మెల్లగా. "వారికి నచ్చలేదు."

పైన తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు మాకు స్పష్టంగా వినిపించింది.

ప్రేమ్ చంద్ నా వైపు చూడలేదు. బకెట్లో బ్రష్ ముంచి, మళ్ళీ మొదటి నుంచి రుద్దడం మొదలుపెట్టాడు.