ముద్ర పడని పార్సిల్

"మా అబ్బాయి బతికే ఉన్నాడండీ!"

లోపలికొచ్చిన పెద్దావిడ డిటెక్టివ్ బల్ల మీద ఒక పార్సిల్ పెట్టి కుర్చీలో కూలబడింది. అసిస్టెంట్ అమ్మాయి మంచినీళ్ళు అందించింది.

ఆవిడ కొడుక్కి పందొమ్మిదేళ్ళు. యుద్ధనౌకలో పనిచేసేవాడు. ఓడ మునిగిందని, అతను దక్కలేదని ఏడాది కిందట ఉత్తరం వచ్చింది. నిన్న గుమ్మంలో ఈ పార్సిల్ కనిపించింది. లోపల ఆవిడ అల్లి పంపిన స్వెట్టర్.

"మోచేతి దగ్గర చిరుగుకి వేసిన రఫ్ఫు చూడండి. దారం ముడెయ్యకుండా మూడుసార్లు లోపలికి తిప్పడం వాడికొక్కడికే నేర్పాను. ఓడ వదిలి పారిపోయి దాక్కున్నాడేమో బాబూ! అదే నా భయం."

డిటెక్టివ్ పార్సిల్ తిప్పి చూశాడు. స్టాంపులున్నాయి, వాటి మీద తపాలా ముద్ర లేదు. రఫ్ఫు దారాన్ని వేలితో రుద్దితే నల్లగా, జిగటగా అంటింది.

మర్నాడు ఆవిడ వీధి మొదట్లో చెప్పులు కుట్టే అతని ముందు ఆగి, డిటెక్టివ్ బూటు విప్పి ఇచ్చాడు. చెప్పులు కుట్టే అతను భారీ మనిషి. దారాన్ని నల్లటి మైనం ముద్దకి రుద్ది కుట్టడం మొదలుపెట్టాడు.

"మనం కేసుకొచ్చామా, బూట్లకొచ్చామా సార్?" అంది అసిస్టెంట్.

"రెండూ అవుతాయిలే."

గంట తర్వాత, డిటెక్టివ్ పిలిపించగా, పెద్దావిడ ముందుగదిలో ఆవిడ కూతురు, పోస్ట్‌మాన్, చెప్పులు కుట్టే అతను చేరారు.

"ముద్ర లేకుండా పార్సిల్ ఇస్తే నా ఉద్యోగం ఊడుతుంది సార్," అన్నాడు పోస్ట్‌మాన్.

"అంటే ఎవరో చేత్తో తెచ్చి పెట్టారు," అన్నాడు డిటెక్టివ్. " ఆ దారానికున్నది చెప్పులు కుట్టే మైనం. గోడ మీది ఫోటోలో మీవాడు సన్నం, స్వెట్టర్ భుజాలేమో భారీ మనిషి తొడిగినట్టు సాగిపోయాయి. అమ్మా, ఆ కుట్టు నేర్పింది మీవాడే. కుట్టింది ఇతను."

చెప్పులు కుట్టే అతను తల దించుకుని చెప్పాడు.

"ఓడలో మావి పక్కపక్క పడకలమ్మా. ఆ రోజు నాకు చలిజ్వరం. ఇది నాకు తొడిగి, నా డ్యూటీకి తను ఇంజన్ గదిలోకి దిగాడు. టార్పెడో అక్కడే తగిలింది. నన్ను ఎవరో పడవలో పడేశారు. ఆర్నెల్లుగా ఈ వీధిలోనే ఉన్నాను. మీ ముఖం చూసే ధైర్యం చాలక, టపాలో వచ్చినట్టు స్టాంపులంటించి గుమ్మంలో పెట్టాను."

కూతురు వెక్కి వెక్కి ఏడ్చింది. అసిస్టెంట్ అమ్మాయి డిటెక్టివ్ వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"పారిపోలేదన్నమాట," అంది తల్లి.

"లేదమ్మా."

"నువ్వు బతికొచ్చావు కాబట్టి నాకు తెలిసింది. చల్లగా ఉండు నాయనా." ఆవిడ కుర్చీ అతని పక్కకి లాక్కుంది. "వాడి కబుర్లన్నీ నీ దగ్గరే ఉన్నాయి. మొదటి రోజు నుంచీ చెప్పు."

"మొదటి రోజా? యుద్ధనౌక ఎక్కడానికి గొడుగు పట్టుకొచ్చాడమ్మా!"

"నేనే ఇచ్చాను," అంటూ ఆవిడ నవ్వేసింది, చెంపలు తడుస్తుండగా.