మసీదు బావి దగ్గర మల్లెమొగ్గలు

లహెజ్ వాగు పొంగి తోటలన్నీ ఊడ్చుకుపోయిన పెద్ద వరద తర్వాత అది పన్నెండో ఏడు. ఉత్తరం వాళ్లకీ దక్షిణం వాళ్లకీ యుద్ధం. ఉత్తరం సైన్యం దక్షిణాది రేవుపట్నం ఏడెన్‌ని చుట్టుముట్టి రెండు నెలలైంది. మంచినీళ్ల పంపులు వాళ్ల చేతిలో ఉన్నాయి. ఊళ్లో మిగిలినవి పాత బావులే.

కెప్టెన్ ముఖ్బిల్ బల్ల మీద మ్యాపు పరిచాడు. ఎదురుగా ఏజెంట్ అవద్.

"మంగళవారం ఒక బావి. నిన్న ఇంకోటి. జనం నిండుగా ఉన్నప్పుడే గుండ్లు పడ్డాయి. కొండ అడ్డం, వాళ్ల ఫిరంగులకి మన పేట కనపడదు. లోపలి నుంచి ఎవరో వైర్‌లెస్‌లో మ్యాపు గళ్ల నంబర్లు చెప్తున్నారు. ఇక మిగిలింది మసీదు బావి. ఇవాళ నాలుగింటికి నీళ్లిస్తారు."

"మా ఆవిడ అక్కడే ఉంటుంది సార్. బావి మూసేద్దాం."

"మూస్తే దాహంతో చస్తారు. మనిషిని పట్టుకో. మీ ఆవిడకి ఒక్క ముక్క చెప్పావో, నిన్ను నేనే కాలుస్తా."

మూడున్నరకి అవద్ తెల్లగడ్డం అంటించుకొని కుంటుతూ వరసలో దూరాడు. అక్కడ భార్య జహ్రా, రెండు డబ్బాలతో.

"ఏయ్ ముసలోడా! కాలు కుంటిదైతే సిగ్గు కూడా కుంటిదేనా? చివరికి పో!"

ఆడవాళ్లు నవ్వారు. అవద్ చివరికి పోయాడు.

అప్పుడు రౌఫా వచ్చింది. కెప్టెన్ ఆఫీసులో టైపిస్టు, ఊళ్లో అందగత్తె. గురువారం కదా, ఆ ఊరి ఆడవాళ్లు పూలు పెట్టుకునే రోజు, మెడలో మల్లెదండ.

"ఎవరికే ఈ సింగారం? పెళ్లికొడుకు గుండు మీద ఎక్కి వస్తున్నాడా?" అంది జహ్రా.

"వస్తే నీకూ ఒకణ్ణి తెమ్మంటాలే అక్కా!"

అవద్‌కి వాసన తగిలింది. ఇంకా విచ్చని మొగ్గలు. ఈ పూట కోసినవి. ఏడెన్‌లో మల్లె పూయదు, వరద తర్వాత మళ్లీ నాటిన లహెజ్ తోటల నుంచి రావాలి. లహెజ్ శత్రువు చేతిలో ఉంది. గురువారం పూలు లేకుండా ఉండలేకపోయింది పిచ్చిది.

ఆమె పక్క సందులోకి నడిచి పౌడరు డబ్బా తెరిచింది. లోపల పౌడరు లేదు, ట్రాన్స్‌మీటర్ ఉంది. ఆమె దాంట్లో ఏదో చెప్పి ముగించేసరికి, వెనకే వచ్చిన అవద్ పిస్తోలు ఆమె చెవికి ఆనింది.

"చెప్పేశావా?"

గొంతు గుర్తుపట్టింది. "చెప్పేశాను అవద్ అన్నా. ఇంకా మూడు నిమిషాలు. మా తమ్ముడు వాళ్ల జైల్లో ఉన్నాడు."

"నంబరు మార్చు. సముద్రంలోకి తిప్పు."

"సముద్రమైతే పేల్చరు. మ్యాపు వాళ్ల దగ్గరా ఉంది. ఇళ్లుండాలి."

"అయితే మీ ఇంటి నంబరు చెప్పు."

"ఇంట్లో అమ్మ మంచాన పడి ఉందన్నా. ఇంకేదైనా ఇల్లు..."

"ఆ ఇంట్లో ఉండేది ఎవరి అమ్మ?"

పిస్తోలు సేఫ్టీ తీశాడు. రౌఫా తన ఇంటి నంబరు చెప్పింది. ఒక్క అంకె కూడా తడబడలేదు.

నాలుగింటికి గుండ్లు నెత్తి మీంచి ఈలేసుకుంటూ పోయాయి. రెండు వీధుల అవతల దుమ్ము లేచింది. జహ్రా డబ్బాలు నింపుకొని ఇంటికి పోయింది.

సిపాయిలు తీసుకుపోతుంటే రౌఫా ఒకటే అడిగింది. "అమ్మకి స్నానం చేయించి పూడ్చండి."

మర్నాడు పొద్దున్నే అవద్ డబ్బా పట్టుకొని బావి దగ్గరికి వెళ్లాడు.

"శవానికి నీళ్లు కావాలి. కాస్త ముందుకి పోనివ్వండమ్మా."

ముందున్న ముసలమ్మ తిరిగి కూడా చూడలేదు.

"మా ఇంట్లో ఇద్దరు పోయారు నాయనా. నీకు ఒక్కరేగా, ఆగు."