గరిక కూడా కలుపే

రెండువేల నాలుగు, జూన్ పదకొండు, శుక్రవారం. ఆ ఉదయం ఆటల మాస్టారు ప్రసన్నకుమార్ కాలేజీ క్యాంటీన్లో పెసరట్టు ఉప్మా తిన్నాడు. అల్లం పచ్చడి తెల్ల టీషర్టు మీద ఒలికింది. నీళ్ళతో రుద్దితే మరక ఇంకాస్త వెడల్పయింది. దాన్ని విజిల్ తాడుతో కప్పుకోవాలని చూస్తూ గ్రౌండులోకి వచ్చేసరికి, గోల్‌పోస్టు ముందు ఒకమ్మాయి గొంతుక్కూర్చుని చిన్న గునపంతో గొయ్యి తవ్వుతోంది.

"ఏవండీ, అక్కడ మా పిల్లలు హాకీ ఆడతారండి. గొయ్యి తీస్తారేంటి?"

ఆమె తలెత్తి అతన్నీ, మరకనీ చూసింది. "మీరేనా పీడీ గారు? ఇక్కడ హాకీ ఆడతారా? నారు పోస్తారేమో అనుకున్నానండి."

రాత్రి వానకి గ్రౌండు నిజంగానే నారుమడిలా ఉంది. అతనికి కోపం రావాలి. రాలేదు.

ఆమె పేరు లావణ్య. రాజమండ్రిలో ఉద్యానశాఖ ఆఫీసరుగా కొత్తగా చేరింది. గ్రౌండులో గడ్డి పెంచే సంగతి చూడమని కాలేజీ ప్రిన్సిపాల్ భీమరాజు గారు పిలిపిస్తే వచ్చింది. ఎవరో దాత కాలేజీకి సింథటిక్ టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి, వేయిస్తానన్నాడు. వేస్తే చుట్టూ కంచె, గేటుకి తాళం, బూట్లున్నవాళ్ళకే ప్రవేశం. గోదావరి గట్టు కింద జాలరిపేట నుంచి సాయంత్రాలు ఒట్టి కాళ్ళతో వచ్చి ఆడుకునే ఆడపిల్లలకి ఇక చోటుండదు. వాళ్ళని ఇల్లిల్లూ తిరిగి పోగుచేసింది ప్రసన్నకుమారే. అతను కాళ్ళావేళ్ళా పడితే భీమరాజు గారు ఒక్క మాటన్నారు.

"చవితి వెళ్ళాక కమిటీ వస్తుందయ్యా. వాన పడ్డ మర్నాడు గడ్డి మీద ఆట సాగితే టర్ఫ్ వద్దంటాను. సాగకపోతే మళ్ళీ నన్నడక్కు."

నేల జిగట నల్లమట్టి. లావణ్య అందులో గోదావరి ఇసుక కలిపించింది. నీళ్ళు రెండు పక్కలకీ జారిపోయేలా మధ్యలో తాబేటి చిప్పలా ఎత్తు చేయించింది. తర్వాత గరిక తెప్పించి వేళ్ళతో సహా వరసల్లో నాటించింది. పిల్లలు నాటారు. ప్రసన్నకుమారూ నాటాడు.

"మీ వరస చూస్తే పాము పాకినట్టుందండి."

"మాది ఉప్పాడండి. మా తాతలు వలలు విసిరారు గానీ నాట్లు వెయ్యలేదు."

"అయితే మొక్కల గురించి ఏం తెలుసు మీకు?"

"ఏం తెలీదు. చేపల పేర్లడగండి, పొద్దుగూకేదాకా చెబుతాను."

"చెప్పండి మరి."

పండుగప్ప, వంజరం, కవళ్ళు, చందువా... చందువా దగ్గర ఆమె నవ్వింది. నవ్విందని అతను మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు.

శ్రావణమాసం వచ్చేసరికి గరిక అల్లుకుపోయింది. కుండపోత వాన పడ్డా తెల్లారేసరికి నేల మీద నీటి చుక్క నిలవలేదు. జట్టు కెప్టెన్ వీరదుర్గ అరికాలితో నేలని రుద్ది చూసి, "కాలు జారట్లేదు సార్," అంది. ప్రసన్నకుమార్‌కి లావణ్యతో చెప్పాల్సిన మాట ఒకటుంది. కమిటీ వచ్చి వెళ్ళాక, పచ్చటి గడ్డి మీద నిలబడి చెబుదామని దాచుకున్నాడు.

చవితికి ముందు లావణ్య తునిలో ఉన్న తన తల్లిదండ్రుల ఇంటికి బయల్దేరింది.

"నన్ను చూడ్డానికి పెళ్ళివారు వస్తున్నారటండి," అంది, అతని ముఖం చూడకుండా.

"అలాగా అండి," అన్నాడు.

ఇంకేమైనా అంటాడేమోనని ఆమె కాసేపు ఆగింది. అతను ఆమె సంచీ తీసి ఆటోలో పెట్టాడు.

"సరే. తుంగ లేస్తోంది. కలుపు తీయించండి," అనేసి ఆటో ఎక్కింది.

మర్నాడే అతను ఆత్రేయపురం వైపు నుంచి రత్నమాణిక్యాన్నీ ఆమె జట్టునీ పిలిపించాడు. వరిచేలల్లో కలుపు తియ్యడంలో వాళ్ళకి పేరుంది.

"ఏం తియ్యాలి బాబూ?"

"కలుపమ్మా. ఒక్కటి కూడా మిగలకూడదు," అని చెప్పి పరీక్షల డ్యూటీకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వచ్చి చూస్తే గ్రౌండు గుండు గీసినట్టుంది.

"గరికేదమ్మా?" అన్నాడు ప్రసన్నకుమార్.

"మొత్తం లాగేశాం బాబూ. గరికంత పాడు కలుపు ఇంకోటి లేదు. కణుపు మిగిలినా లేచిపోద్ది. అందుకే గునపాలేసి వేళ్ళతో తీశాం. ఎన్నాళ్ళబట్టి ఒదిలేశారో, గ్రౌండంతా అదే." ఆమె ముఖంలో పని బాగా చేసిన తృప్తి ఉంది.

"తీసింది ఎక్కడ పడేశారు? మళ్ళీ నాటుకోవాలి."

రత్నమాణిక్యం అతన్ని వింతగా చూసింది. "గరిక నాటుతారా? రేపు చవితి కదా బాబూ. మార్కెట్టోళ్ళు రిక్షాలేసుకొచ్చి పూజకి ఎత్తుకుపోయారు. పుణ్యం మీకే."

అతను ఆమెకి కూలి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు. కలుపన్నది తనే. మర్నాడు రాజమండ్రిలో ఏ వినాయకుడి పాదాల దగ్గర చూసినా అతని హాకీ గ్రౌండు కొంచెం కొంచెం కనిపించింది.

ఆదివారమంతా వాన. సోమవారం కమిటీ గొడుగులేసుకుని వచ్చింది. గోల్‌పోస్టు దాకా వెళ్ళేసరికి దాతగారి బూటు బురదలో ఉండిపోయి, కాలొక్కటే పైకొచ్చింది. ఎవరూ నవ్వలేదు. భీమరాజు గారు ప్రసన్నకుమార్ వైపు చూడకుండా, "టర్ఫే వేయించండి," అన్నారు.

సాయంత్రం లావణ్య బస్సు దిగి, చేతిలో సంచీతో నేరుగా గ్రౌండుకొచ్చింది. వంగి బురదని వేళ్ళతో తడిమి చూసింది. ఇలా ఎందుకైందని అడగకపోవడమే ఆ రోజుకి అతనికి దొరికిన దయ.

"మీరు కలుపన్నారు," అన్నాడు అతనే.

"తుంగ అన్నానండి."

"తుంగంటే ఏంటో నాకు తెలీదు. అడగడానికి సిగ్గేసింది. మీరు ఆటో ఎక్కుతుంటే నా బుర్రనిండా పెళ్ళివారే ఉన్నారు."

ఆమెకి నవ్వొచ్చింది. సగంలోనే అది నవ్వు కాకుండా పోయింది.

"తప్పు నాది కూడానండి. మా చేలో గరిక కనిపిస్తే మా నాన్నగారే ఊరుకోరు. గరిక తప్ప అని ఒక్క మాట చెప్పాల్సింది నేను."

"పెళ్ళివారు ఏమన్నారండి?"

"వాళ్ళేమంటే ఏంటి. నేనే వద్దన్నాను. ఎందుకని నాన్నగారు అడిగారు. ఏం చెప్పను? నన్నెవరూ ఏమీ అడగలేదాయె."

"ఇప్పుడు అడుగుతున్నానండి."

"బురదలో నిలబడి అడుగుతున్నారు."

"పొడి నేల ఎక్కడా లేదండి."

ఆమె సంచీ భుజం మార్చుకుంది. "నాన్నగారు ఒప్పుకోరు. బెట్టుకి చెప్పట్లేదు, నిజంగానే ఒప్పుకోరు. మీ ఇంటిపేరు వింటే రెండో మాటుండదు. నిన్నట్నుంచీ నాతోనే మాట్లాడట్లేదు."

"తెలుసండి."

"తెలిసే అడిగారు కదా. సరేనండి."

సంతోషించడానికి ఎదురుగా ఏమీ లేదు. మెట్ల మీద పిల్లలు హాకీ స్టిక్కులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కమిటీ ఏమందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

"రేపు ఎండ కాస్తే ఆడొచ్చా సార్?" వీరదుర్గ అడిగింది.

అతను లావణ్య వైపు చూశాడు.

"ఇవాళ్టికి స్టిక్కులు ఇచ్చేసి ఇంటికెళ్ళండమ్మా, చీకటి పడుతోంది," అంది లావణ్య.

ఒక్కొక్కటే అందుకుని ఇద్దరూ సామాన్ల గదిలో గోడకి ఆనించారు. ఆ గది రేకు తలుపు వేస్తే గ్రౌండంతా మోగుతుంది. ఆ మోత వింటే పిల్లలకి ఆట అయిపోయినట్టు లెక్క. పిల్లలింకా గేటు దాటలేదు. లావణ్య తలుపుని రెండు చేతులతో పట్టుకుని, మోగనివ్వకుండా, మెల్లగా దగ్గరికి వేసింది.