నడుము లేని ఎల్లారావు

"శత్రువు ఆయుధం ట్రౌజర్‌లో ఉంది" అని విన్నాడు ఏజెంట్ హేమసుందర్. చీఫ్ నాగమల్లేశ్వరి చెప్పింది బ్రౌజర్ అని. ఫలితంగా విజయవాడ వన్ టౌన్ నడిబజార్లో ఓ విదేశీ పర్యాటకుడు నిక్కరుతో నిలబడి తన రాయబారికి ఫోన్ చేసుకోవాల్సి వచ్చింది.

బట్టల గోడౌన్ వెనక గదిలో చీఫ్ మళ్ళీ బ్రీఫింగ్ మొదలుపెట్టింది.

"ఎల్లారావు అని, సముద్రం ఒడ్డున పడవలవాళ్ళకి పెద్ద. ఇక్కడ ఆసుపత్రిలో ఆపరేషనై మత్తులో ఉన్నాడు. విదేశీ ముఠా ఆయన మొహం, గొంతు కొట్టేసి మాట్లాడే అవతార్ చేసింది. వాయుగుండం ఉన్నా సరే, పడవలేసుకుని వెళ్ళి ఓడలోంచి ఐస్ పెట్టెలు దించుకురమ్మని ఆ బొమ్మ చెబుతోంది. పెట్టెల్లో తుపాకులు."

"ఒడ్డుకి ఫోన్ చేద్దాం మేడమ్!"

"చేశాం. ఎల్లారావుగారే ఎదురుగా మాట్లాడుతుంటే మధ్యలో మీరెవరండీ అన్నారు."

"అయితే సర్వర్ పేల్చేస్తాను!"

"సర్వర్ ఎక్కడుంది నీ మొహం! మెషీన్ లెర్నింగంతా బ్రౌజర్‌లోనే నడుస్తోంది. ల్యాప్‌టాప్ చల్లపల్లి లాడ్జిలో ఉంది. దాని ముందు సింధూరి. ఆ పిల్ల మన మనిషిననీ అంటుంది, వాళ్ళ మనిషిననీ అంటుంది. నమ్మకు."

పది అవతారాలున్న దేశానికి పదకొండోది అంటగట్టడానికి వచ్చారు వెధవలు. అదీ ఛాతీ దాకానే! కొండపల్లి బొమ్మకైనా కాళ్ళుంటాయి. దీనికున్నదల్లా నోరు. లెర్నింగ్ మెషీన్‌కి, ఎర్నింగ్ ముఠాకి, బర్నింగ్ మనకి.

అరటికాయల వ్యాపారి వేషంలో హేమసుందర్ లాడ్జి తలుపు తన్నాడు. ఎర్రచీర, నల్లకళ్ళద్దాలు, చెవిలో ఇయర్‌ఫోన్: సింధూరి తల కూడా తిప్పలేదు.

"ట్యాబ్ మూసెయ్!"

"మూస్తే ఇంకోచోట తెరుస్తారు. కూర్చోండి సార్. మీసం జారుతోంది."

అతను జేబులోంచి జామర్ పెన్ను తీసి నొక్కాడు. పక్కగదిలో టీవీ సీరియల్ ఆగిపోయింది. ఎవరో తిట్టారు. అవతార్ మాత్రం హాయిగా నవ్వుతూనే ఉంది.

తెరమీద సముద్రం ఒడ్డు. ఎల్లారావు భార్య రత్తమ్మ ఫోన్ పట్టుకుని నిలబడింది. ఆమె కొడుకులిద్దరూ ముందు పడవలో ఉన్నారు.

"ఏమయ్యా, గాలి కనపడట్లా? బిడ్డల్ని ఈ కెరటాల్లోకి తోలతావా? మత్తుమందు తలకెక్కిందా నీకు?"

"భయం లేదు. పంపించు" అంది బొమ్మ.

రత్తమ్మ తిట్టింది. బొమ్మ నవ్వింది. మళ్ళీ తిట్టింది. మళ్ళీ నవ్వింది. పెద్దాయన మాట కాదనే అలవాటు ఆ ఒడ్డున లేదు. మగవాళ్ళు మొలలోతు నీళ్ళలోకి పడవలు తోశారు. మోటార్లు దగ్గాయి. హేమసుందర్ కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు బొమ్మ తియ్యగా పలికింది.

"ధన్యవాదాలు. మీరు ఎక్కడికి వెళ్తున్నారు?"

మోటార్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

"బయల్దేరినోళ్ళని ఎక్కడికని అడుగుతావా!" రత్తమ్మ కేక చల్లపల్లి దాకా ఫోన్ లేకుండానే వినపడేది. "దిగండ్రా! దిగి కూర్చుని మంచినీళ్ళు తాగండి! ఇయ్యాల పడవ కదిలిందా, కాళ్ళిరగ్గొడతా!"

పెద్ద కెరటం ఒకటి వచ్చి, ఖాళీ పడవను బోర్లాపడేసి వెళ్ళింది. జనమంతా ఇసుకలో కూర్చుని బిందె అందుకున్నారు.

"ఆ మాట అడిగినోడి పళ్ళు రాలగొట్టే మనిషి మా ఆయన. నువ్వెవడివిరా?" అంది రత్తమ్మ.

ఇయర్‌ఫోన్‌లో విదేశీ బాస్ అరుపులు హేమసుందర్‌కి కూడా వినిపించాయి. సింధూరి దాన్ని తీసి నీళ్ళ గ్లాసులో వేసింది.

"ప్రయాణమయ్యేవాళ్ళని తెలుగువాళ్ళు మర్యాదగా ఏమడుగుతారని ఈ బాస్ నన్నే అడిగాడు సార్. చెప్పాను. ఓడ ఎక్కడుందో గస్తీవాళ్ళకి పొద్దున్నే చెప్పాను."

"మరి నేనెందుకొచ్చాను?"

"అదే నాకూ అర్థం కాలేదు."

ఆమె బొమ్మను పక్కకి నెట్టి తన మొహం చూపించింది. "అందరూ వినండమ్మా. ఇందాకటినుంచి మాట్లాడింది ఎల్లారావుగారు కాదు. ఆయన మొహం అతికించిన కంప్యూటర్ బొమ్మ. ఆయన ఆసుపత్రిలో క్షేమంగా నిద్రపోతున్నారు. దీన్ని ఇప్పుడే చెరిపేస్తున్నా."

రత్తమ్మ ఫోన్‌ని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

"చెరపబాక తల్లీ. తిట్టినంతసేపూ ఎదురుచెప్పకుండా నవ్వుతా విన్నాడు. ఆయన ఇంటికొచ్చేదాకా ఉండనీ."