డేగలో నారింజ పట్టీ

ఇన్ఫార్మర్ తన కారుకి ఛార్జింగ్ ప్లగ్ పెట్టి, పక్కనున్న బండి దగ్గర కాఫీ తీసుకుని, ఒక గుక్క తాగి ఫోన్ చేశాడు.

"రేపటి ఫంక్షన్‌లోనే సార్. వాళ్లు కొట్టేసిన డిజైన్ ఫైలు రెండు నెలల నాటిది. స్టేజి మీద కూర్చునే ఐదుగురిలో ఒకడు వాళ్ల మనిషి."

"ఎవడు?"

"సాయంత్రానికి తెలుస్తుంది. ఇంకో సంగతి..." రెండో గుక్క తాగాడు. "మనం పొరపాటు పడ్డాం సార్. వాళ్లు ఎత్తుకుపోయేది కారుని కాదు..."

మూడో గుక్క గొంతు దిగలేదు. ముందు కప్పు జారింది, తర్వాత ఫోను, తర్వాత మనిషి. కారు తెర మీద పచ్చటి అక్షరాలు వెలిగాయి: ఛార్జింగ్ పూర్తవడానికి నాలుగు గంటలు.

కాఫీ పోసిచ్చినవాడు బండిని అక్కడే వదిలేసి, ఏప్రన్ విప్పి చెత్తబుట్టలో పడేసి, తాపీగా రోడ్డు దాటాడు.

గంట తర్వాత ఒక జీవిత బీమా ఆఫీసు మూడో అంతస్తులో మీటింగ్ మొదలైంది. కింది రెండు అంతస్తుల్లో నిజంగానే పాలసీలు అమ్ముతారు. పై అంతస్తులో ఏం జరుగుతుందో కింద వాళ్లకి తెలియదు. అక్కడ పనిచేసే ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'బీమా' అనే పిలుస్తారు. ఇంట్లోవాళ్లు ఆయన్ని నిజంగానే బీమా ఏజెంట్ అనుకుంటారు. పదిహేడేళ్లుగా ఆయన భార్య కూడా.

"డేగ తెలుసా?" అన్నాడు పెద్దాయన. డిపార్ట్‌మెంట్‌కి ఆయనే హెడ్.

"ఆకాశంలోదా, రోడ్డు మీదదా సార్?"

"జోకులు తర్వాత. మన ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారు. నాలుగేళ్లయింది వచ్చి, జనానికి మోజు తగ్గింది. రేపు దానికి మిడ్-లైఫ్ రిఫ్రెష్, అంటే అదే కారుకి కొత్త ముస్తాబు. ముసుగు తీసే ముందు ఐదుగురు కార్ల విమర్శకులు లోపల ఏమేం మారాయో ఊహించి చెప్పాలి. లైవ్ టీవీలో. బాగా ఊహించినవాడికి చీఫ్ ఇంజనీర్ పక్కన కూర్చుని మొదటి రౌండ్ తిరిగే ఛాన్స్."

"విదేశీ ముఠాకి కావలసింది కొత్త బ్యాటరీ రహస్యం."

"కాఫీ తాగేలోపు ఫుల్ ఛార్జ్ ఎక్కే బ్యాటరీ." కాఫీ అనగానే పెద్దాయన తన ముందున్న కప్పుని పక్కకి జరిపాడు. "ఐదుగురిలో ఒక గడ్డం విమర్శకుణ్ని మన గెస్ట్‌హౌస్‌లో కూర్చోబెట్టాం, భోజనం బాగుందంటున్నాడు. ఆయన ముఖంలో సగం గడ్డమే. ఆ గడ్డం పెట్టుకుని నువ్వు వెళ్తున్నావు."

"ఆ చీఫ్ ఇంజనీర్ ఎవరో మీకు తెలుసు కదా సార్."

"మీ మరదలు. తెలిసే నిన్ను పంపుతున్నా. ఇంకొకణ్ని పంపితే వాడికి అది డ్యూటీ."

"ఫంక్షన్ ఆపించేద్దాం."

"ఆపితే వాళ్లు ఇంకో రోజు వస్తారు. ఆ రోజేదో మనకి చెప్పే మనిషి ఇప్పుడు లేడు."

"పోనీ తనకైనా చెప్పనివ్వండి."

"అబద్ధం ఆడడం వచ్చా ఆవిడకి?"

బీమా తల అడ్డంగా ఊపాడు. చిన్న అబద్ధానికే ఆమె చెవులు కందిపోతాయి. ఇంటిల్లిపాదికీ అదో వినోదం.

ఆ సాయంత్రమంతా డిపార్ట్‌మెంట్ టెక్నీషియన్ ఆయనకి పాఠం చెప్పాడు. "రేంజ్, అంటే ఒక్క ఛార్జికి వెళ్లే దూరం, పెరుగుతుంది అనండి. ఛార్జింగ్ టైమ్ తగ్గుతుంది అనండి. పాత డేగని వరసగా నాలుగుసార్లు ఉరికిస్తే బ్యాటరీ వేడెక్కి నీరసపడిపోయేది, కాబట్టి కూలింగ్ మార్చి ఉంటారు. చక్రాల బరువు తగ్గిస్తారు. ఇవి ఐదుగురూ చెప్తారు సార్. గెలవాలంటే ఇంకెవరికీ తట్టనిది ఒకటి చెప్పాలి."

"నా డీజిల్ కారుకి నేను చేసిన రిఫ్రెష్ సీటు కవర్లు మార్చడమేనయ్యా. నాకేం తడుతుంది?"

"గడ్డంలో మైకుంది, చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ పెడతాం, పెన్నులో మత్తు సూది ఉంది," టెక్నీషియన్ ఆ ప్రశ్నని వదిలేశాడు. "ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. చెమట పడితే గడ్డం ఊడుతుంది."

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ మేకప్ గదిలో, అద్దం ముందు నల్ల పట్టు గౌనులో ఒకామె పెదాలకి రంగు వేసుకుంటోంది. ఫంక్షన్‌కి యాంకర్. డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో 'సంపంగి'. ముఠా దగ్గర ఒక జీతం, ఇక్కడ ఒక జీతం.

"వాన వచ్చేలా ఉందే," అన్నాడు బీమా.

"నా గొడుగు ఎవరో పట్టుకుపోయారు," అంది సంపంగి, అద్దంలోంచే చూస్తూ. కోడ్ సరిపోయింది. "గడ్డం బావుంది. ఎవరిదో గాని మీకే నప్పింది."

"వాళ్ల మనిషి ఎవడు?"

"నాకు చెప్పలేదు. నన్ను నమ్మరు."

"మేమూ నమ్మం."

"అందుకే మీరంటే నాకు గౌరవం," పక్కున నవ్వింది. వెంటనే గొంతు తగ్గించింది. "ట్రాక్ వెనక గేటు దగ్గర ఒక కంటైనర్ లారీ ఆగింది. ర్యాంపు దించి ఉంది. లోపల గోడలకి మెత్తటి పరుపులు బిగించారు. కారు కోసం ఎవరైనా పరుపులు వేస్తారా, చెప్పండి?"



స్టేజి మధ్యలో ముసుగు కప్పిన డేగ. దాని పక్కనే చీఫ్ ఇంజనీర్, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో దోపుకుని నిలబడింది. బావ మూడడుగుల దూరంలో ఉన్నాడని ఆమెకి తెలియదు.

టెక్నీషియన్ చెప్పినట్టే అయింది. రేంజ్, ఛార్జింగ్, కూలింగ్, చక్రాలు... ఐదుగురివీ అవే మాటలు. జనం ఆవలిస్తున్నారు. సంపంగి మైకు అందుకుంది. "ఇప్పుడు ఆఖరి రౌండ్. ఎవరూ ఊహించనిది ఒక్కటి చెప్పాలి!"

ఒకాయన పైకప్పు గాజుది అన్నాడు. ఒకామె వెనక స్పాయిలర్ రెక్క దానంతటదే లేస్తుందంది. మూడో ఆయన సీట్లు సన్నబడ్డాయన్నాడు. నాలుగోవాడు లేచాడు. మెడలో సిల్కు స్కార్ఫ్, చేతిలో వెండి పిడి కర్ర. ఏది చెప్పినా నిజమవుతుందని అభిమానులు అతనికి పెట్టుకున్న పేరు 'జోస్యుడు'.

"లోపలి తలుపుకి ఇక హ్యాండిల్ ఉండదు," అన్నాడు, కర్ర పిడి నిమురుతూ. "ఉత్త టచ్ బటన్. వేలు తగిలిస్తే తెరుచుకుంటుంది. అది తప్ప ఇంకో దారి ఉండదు."

జనం చప్పట్లు కొట్టారు. చీఫ్ ఇంజనీర్ మాత్రం చటుక్కున తలెత్తి చూసింది.

కిందటి నెల ఒక ఆదివారం బీమా కళ్లముందు మెదిలింది. మరదలు టెస్ట్ కారేసుకుని ఇంటికొచ్చింది. అత్తగారు ముచ్చటపడి ఎక్కారు. దిగడానికి బటన్ ఎక్కడుందో దొరకలేదు. కీళ్లు వంగని వేళ్లతో అద్దం మీద కొడుతూ, లోపల్నుంచే వాకిలి అదిరేలా కేకలేశారు. 'హ్యాండిల్ పీకేసి సోకు చేశావుటే! బస్సులో ఉంటుందే పట్టీ, అలాంటిదొకటి పెట్టి చావు, లాగితే తెరుచుకునేలా!'

హ్యాండిల్ తీసేసిన సంగతి తెలియాలంటే ఆ కొట్టేసిన డిజైన్ ఫైలు చూసి ఉండాలి. లేదా ఆ వాకిట్లో నిలబడి ఉండాలి. ఆ రోజు వాకిట్లో జోస్యుడు లేడు.

బీమా గడ్డం గోక్కున్నట్టు చేసి గొణిగాడు. "నాలుగోవాడు. చేతికర్ర మీద కన్నేయండి."

చెవిలో పెద్దాయన గొంతు. "చుట్టూ జనం ఉన్నారు. మెల్లగా చుట్టుముడతాం. నువ్వు గెలువు. ఆవిడ పక్కన సీటు నీదే కావాలి."

సంపంగి మైకు ఆయన ముందు పెట్టింది. కారు గురించి బీమాకి ఏమీ తెలియదు. మరదలి గురించి తెలుసు. ముందు వాదిస్తుంది, తర్వాత అలుగుతుంది, ఆఖరికి అమ్మ చెప్పిందే చేస్తుంది.

"లోపల ఒక పట్టీ ఉంటుంది," అన్నాడు గొంతు మార్చి. "బస్సులో పట్టుకునేలాంటిది. కరెంటుతో పనిలేదు, లాగితే తలుపు తెరుచుకుంటుంది."

హాలంతా గొల్లున నవ్వింది. "గుడ్డ పట్టీయా? స్పోర్ట్స్ కారుకా?" ఎవరో అరిచారు. జోస్యుడు కూడా నవ్వాడు.

ముసుగు లేచింది. చీఫ్ ఇంజనీర్ పాసింజర్ తలుపు తీసింది. లోపల నారింజ రంగు పట్టీ ఒకటి, దర్జాగా వేలాడుతోంది.

నవ్వు టక్కున ఆగింది. జోస్యుడి ముఖంలో రంగు దిగిపోయింది.

"ఈ పెద్దమనిషే గెలిచారు," అంది ఆమె, ఆశ్చర్యం దాచుకోలేక. "రండి సార్, కూర్చోండి."

డేగ చప్పుడు లేకుండా ట్రాక్ మీదికి దూకింది. బీమా వీపు సీటుకి అతుక్కుపోయింది. నుదుట చెమట పట్టింది.

"పట్టీ సంగతి మీకెలా తెలుసు సార్?" అడిగింది ఆమె. పక్కకి తిరిగి, కళ్లు చిట్లించింది. "బావా! గడ్డం ఊడుతోంది."

"ముందు చూసి నడుపమ్మాయ్."

"నువ్వు బీమా కంపెనీ కదా? ఇదేంటి, ఈ వేషం..." అంటూనే స్టీరింగ్ తిప్పింది. చక్రాలు తిరగలేదు. బ్రేకు తొక్కింది. ఏమీ కాలేదు. కారు తనంతట తానే ట్రాక్ వదిలి, వెనక గేటు రోడ్డులోకి మళ్లింది.

"నేను కాదు బావా! కారు నా మాట వినట్లేదు!"

బీమా టచ్ బటన్ మీద వేలు పెట్టాడు. చచ్చిన బటన్. చెవిలో పెద్దాయన అరుస్తున్నాడు. "వాడు కర్ర పిడి తిప్పాడు! రిమోట్! జనంలో అందడం లేదు!"

గేటు అవతల లారీ కనిపించింది. వెనక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల చీకటి, పరుపులు, ఇద్దరు మనుషులు.

"ఎత్తుకుపోయేది కారుని కాదు," అన్నాడు బీమా. "నిన్ను."

ఆమె చూపు ఆయన పక్క తలుపు మీదికి మళ్లింది. "పట్టీ..." అంది. "బావా, పట్టీ! తలుపు తెరుచుకుంటే మోటార్‌కి కరెంటు కట్ అయిపోయి బ్రేకు పడుతుంది. సాఫ్ట్‌వేర్ కాదు, ఉత్త వైరు. అమ్మ బండి ఆగకముందే దిగిపోతుందని నేనే పెట్టా. నీ వైపే ఉంది, నా వైపు ఇంకా బిగించలేదు."

ఆ సీట్లో జోస్యుడు కూర్చుని ఉంటే! బీమా పట్టీ అందుకున్నాడు.

"ఇప్పుడే లాగకు! మలుపులో లాగితే పల్టీ కొడతాం!"

"లారీ దగ్గరికొచ్చేసిందే!"

"తిన్నగా అవనీ! నేను చెప్తా!"

ఇన్నేళ్ల సర్వీసులో ఎదురుగా తుపాకీ ఉన్నప్పుడు కూడా బీమా ఇంకొకరి మాట కోసం ఆగలేదు. ఇప్పుడు ఆగాడు. పిడికిట్లో పట్టీ చెమటకి జారుతోంది. గేటు పక్కనుంచి దూసుకుపోయింది. లారీ వెనక భాగం అద్దం నిండా పరుచుకుంది.

"ఇప్పుడు!"

లాగాడు. తలుపు గాలికి విసురుగా తెరుచుకుంది. డేగ కీచుమంటూ ఈడ్చుకుపోయి, ముందు చక్రాలు ర్యాంపు ఎక్కి, అక్కడే ఆగిపోయింది.

లారీలోంచి ఒకడు దూకాడు. బీమా పెన్ను వాడి మెడలో దిగింది. వాడు పరుపుల మీదే పడ్డాడు. రెండోవాడు గేటు వైపు చూశాడు. డిపార్ట్‌మెంట్ జీపులు రెండు దుమ్ము రేపుకుంటూ వస్తున్నాయి. వాడు చేతులు పైకెత్తాడు.

చెవిలో పెద్దాయన. "ఇద్దరూ బావున్నారా?"

"బావున్నాం సార్. జోస్యుడు?"

"స్టేజి వెనక స్తంభానికి అతని సిల్కు స్కార్ఫ్‌తోనే కట్టేసి ఉన్నాడు. కర్ర రెండు ముక్కలు. సంపంగి పని. ఆవిడ లేదు. అతని వాచీ కూడా లేదు. నీ పర్సు ఒకసారి చూసుకో."

బీమా జేబు తడుముకున్నాడు. పర్సు కూడా లేదు.

మరదలు స్టీరింగ్ మీద తల ఆన్చింది. కాసేపటికి ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని బీమా కంగారుగా చెయ్యి వేశాడు. నవ్వుతోంది.

"అమ్మ వల్ల బతికామంటే ఇంకో ఇరవై ఏళ్లు దెప్పుతుంది బావా. ఇంట్లో ఏం చెప్పను?"

"ఏమీ చెప్పకు. ముఖ్యంగా మీ అక్కకి. నేను బీమా ఏజెంట్‌నే. సరేనా?"

"సరే," అంది. అప్పుడే ఆమె చెవులు కందిపోయాయి.

ఫోన్ మోగింది. భార్య.

"ఎక్కడున్నారు?"

"ఇంకెక్కడ? ఆఫీసులో. క్లయింట్‌తో."

"ఏం లేదు. టీవీలో ఎవరో పెద్దమనిషి చెల్లి కారు గురించి, అమ్మ అడిగిన పట్టీ గురించి చెప్పాడు. అమ్మ సంబరం పట్టలేకపోతున్నాం. వచ్చేటప్పుడు పాలు తీసుకురండి. చెల్లిని కూడా తీసుకురండి. ఆ గడ్డం మాత్రం అక్కడే పారేసి రండి, మీకేం బాలేదు."